గోదావరి దాటిన బరువులు

ప్రత్యేక సంచికకు మన రెండు జిల్లాల చరిత్ర నుండి ఏదైనా ఒక అంశం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినారు. దేవాలయాలను గూర్చి, కోటలను గూర్చి, ఉద్యమాలను గూర్చి సాధికారికంగా వ్రాయగల పెద్దలు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను రోడ్లు, భవనాల శాఖలో నౌకరి చేసి రిటైరైనవాడిని. నాకు తెలిసినవి కంకర, కల్వర్టు, వంతెన. కనుక ఆ దారినే ఒక సంగతి ఎంచుకున్నాను. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో వెలసిన కర్మాగారాలకు, విద్యుత్ కేంద్రాలకు, గనులకు కావలసిన పెద్ద పెద్ద యంత్రాలు రోడ్డు మీద ఎట్లా వచ్చినవి, వాటికి అనుమతులు ఎవరిచ్చినారు, ఏ లెక్కన ఇచ్చినారు అన్నది ఆ సంగతి.

రామగుండం సూపర్ థర్మల్ కేంద్రానికి 1978 నవంబరు 14న నాటి ప్రధాని మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేసినారని ఏ పుస్తకం చూచినా ఉంటుంది. మొదటి 200 మెగావాట్ల యూనిట్ 1983లో వెలిగిందని, 1989 నాటికి కేంద్రం 2,100 మెగావాట్లకు చేరిందని, 2004లో ఏడవ యూనిట్‌తో 2,600 అయిందని కూడా ఉంటుంది. అయితే వందల టన్నుల జనరేటరు స్టేటరు అక్కడి పునాది మీదకు ఎట్లా వచ్చి కూర్చున్నదో ఒక్క పంక్తి కనబడదు. అది ఆకాశం నుండి ఊడిపడలేదు కదా!

మొదట రైలు సంగతి చెప్పాలి. కాజీపేట–బల్హార్షా లైను 1929 నాటికి పూర్తయి ఢిల్లీ–మద్రాసు మార్గం కలిసింది. గోదావరి మీద రైలు వంతెన ఉన్నందున ఆదిలాబాద్ జిల్లా తూర్పు భాగానికి రైలే పెద్ద రోడ్డు. బెల్లంపల్లి బొగ్గు గనులు ఆ పట్టాల పక్కనే పెరిగినవి. 1938లో స్థాపితమైన సిర్పూర్ కాగితపు మిల్లు, స్వాతంత్ర్యానంతరం మంచిర్యాలలో వెలసిన సిమెంటు కర్మాగారం కూడా ఆ లైను పక్కనే స్థలం చూసుకున్నవి. యంత్రాలు వ్యాగన్ల మీద వచ్చి గూడ్సు షెడ్డులో దిగేవి. రోడ్డు పని అక్కడి నుండి ఫ్యాక్టరీ గేటు వరకే. స్లీపరు చెక్కలు పరచి, గుండ్రని దుంగలో ఇనుప గొట్టాలో వేసి, జాకీలతో లేపి, వించితో లాగే పని అది. రోజుకు నాలుగు వందల గజాలు నడిస్తే గొప్ప.

రైలుకు కూడా దాని కొలత ఉన్నది. బ్రాడ్‌గేజి మీద మామూలుగా వెళ్ళే బండి వెడల్పు 3.25 మీటర్లు మించరాదు. అంతకు మించితే రైల్వేవారి భాషలో అది ఓ.డి.సి., అనగా కొలత మీరిన సరుకు. దానిని ఎ, బి, సి తరగతులుగా విభజించి, పక్క లైనులో బండి రాకుండా చూసి, పగటి పూట, తక్కువ వేగంతో తీసుకొనివస్తారు. మధ్యలో గుంతగా ఉండే వెల్ వ్యాగన్లు, సరుకునే రెండు బండ్ల మధ్య దూలంలా వ్రేలాడదీసే ష్నాబెల్ వ్యాగన్లు ఇందుకోసం వచ్చినవే. ఇంతచేసినా సొరంగం లోపలనో, ప్లాట్‌ఫారం అంచు వద్దనో రెండంగుళాలు తగిలే సరుకు ఉండనే ఉంటుంది. అది రోడ్డు ఎక్కక తప్పదు.

1970 దశకం దాకా మన రోడ్లకు ఈ పరీక్ష పెద్దగా రాలేదు. ఆ తరువాత ఒక్కసారిగా వచ్చింది. రామగుండంలో బొగ్గు ఆధారంగా ఎరువుల కర్మాగారం నిర్మాణమై 1980 నవంబరులో ఉత్పత్తి ప్రారంభించింది. దాని వెంటనే సూపర్ థర్మల్ కేంద్రం. 1975లో సింగరేణివారు రామగుండంలో ఓపెన్ కాస్టు తవ్వకం మొదలుపెట్టినారు. ఇరవై కిలోమీటర్ల పరిధిలో మూడు మహా నిర్మాణాలు! ఎరువుల ఫ్యాక్టరీకి ఎత్తైన పీడన పాత్రలు, విద్యుత్ కేంద్రానికి బాయిలరు డ్రమ్ములు, స్టేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, గనులకు షావెళ్ళు, డంపర్లు, డ్రాగ్‌లైన్లు. వీటిలో విడదీసి తేగలిగినవి విడదీసి తెచ్చినారు. డ్రాగ్‌లైను సంగతే చూడండి. 24 ఘనపు మీటర్ల బకెట్, 96 మీటర్ల చేయి గల ఆ యంత్రం ముక్కలు ముక్కలుగా వచ్చి గని ఒడ్డునే నెలల తరబడి అతుకబడింది. ఒకసారి నిలబడిన తరువాత అది తన పాదాల మీద తానే అడుగులు వేస్తుంది గాని మళ్ళీ పబ్లిక్ రోడ్డు ఎక్కదు. వంద టన్నుల డంపరు కూడా అంతే. తొట్టి వేరు, చక్రాలు వేరు, చట్రం వేరుగా వస్తుంది.

విడదీయరానివాటితోనే తంటా. స్టేటరును కోసి తేలేము. బాయిలరు డ్రమ్మును రెండు ముక్కలు చేసి ఇక్కడ అతికించలేము. 500 మెగావాట్ల యూనిట్ స్టేటరు ఒక్కటే 250 టన్నులకు దగ్గరలో తూగుతుంది. చట్టం ఇటువంటి దానిని విడదీయ వీలులేని సరుకు అని గుర్తించి ప్రత్యేకంగా చూస్తుంది. ఈ ఒక్క మాట మీదనే మొత్తం అనుమతుల వ్యవస్థ నిలిచి ఉన్నది. ఇసుక లారీలో అధిక బరువు ఉంటే దింపివేయమనవచ్చు. 2005 నవంబరులో సుప్రీంకోర్టు కూడా జరిమానా కట్టించుకొని వదలివేయడం కాదు, ఎక్కువైన సరుకు అక్కడే దింపించాలని తీర్పు చెప్పింది. స్టేటరులో సగం దింపమని ఎవరూ అనలేరు. అందుచేత అది బయలుదేరక ముందే నిర్ణయం జరిగిపోవాలి.

ఇక్కడ పాఠకులకు ఒక లెక్క చెప్పక తప్పదు. కొంచెం ఓపిక పట్టగలరు.

ఇట్టి సరుకును మోసే హైడ్రాలిక్ ట్రైలరులో ఒక్కొక్క యాక్సిల్ వరుసకు 8 టైర్లు ఉంటాయి. వరుసకు వరుసకు మధ్య దూరం సుమారు మీటరున్నర. అన్ని వరుసల కింద ఉన్న నూనె సిలిండర్లు గొట్టాలతో ఒకదానికొకటి కలిపి ఉంటాయి. కావున ఒక చక్రం గుంతలో దిగినా, ఇంకొకటి మెట్ట ఎక్కినా, బరువు అన్నింటి మీద సమంగా పంచబడుతుంది. చక్రాలన్నీ మలుపు తిరుగుతాయి కూడా. సరుకు, ట్రైలరు కలిపి 300 టన్నులు, వరుసలు 20 అనుకోండి. వరుసకు 15 టన్నులు, టైరుకు రెండు టన్నులకు లోపే. మామూలు లారీ వెనుక ఇరుసుకు నాలుగు టైర్ల మీద 10.2 టన్నులు చాలాకాలం అనుమతించబడినవి (2018లో అది 11.5 అయినది). అనగా టైరుకు రెండున్నర టన్నులు. కాబట్టి ఊరివారు నోరు తెరచుకొని చూసే నూట అరవై గిర్రల బండి, తారు మీద, మామూలు లారీ కంటె తేలికగా నడుస్తుందన్నమాట!

3 మీటర్ల చిన్న కల్వర్టు మీదకు అది వచ్చినపుడు కూడా పెద్ద ప్రమాదం లేదు. ఒకేసారి రెండు మూడు వరుసలే దాని మీద ఉంటాయి, 30 నుండి 45 టన్నులు. అసలు గండం పెద్ద వంతెన దగ్గర. 20 వరుసల పొడవు సుమారు 30 మీటర్లు. వంతెన గాలా కూడా 30 మీటర్లయితే ఆ 300 టన్నులూ ఒకే గాలా మీద కూర్చుంటాయి. మన వంతెనలను ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 70 ఆర్ తరగతి లెక్కకు కట్టినామంటే, అందులో చక్రాల బండి మొత్తం బరువు 100 టన్నులు మాత్రమే. అంతకు ముందరి వంతెనలు ఇంకా తక్కువ లెక్కలవి. నిజాం కాలపు రాతి కమానులకైతే రోడ్డు రోలరే పెద్ద బరువు.

మరి మూడింతల బరువు ఎట్లా దాటింది? దాటించే తీరును బట్టి. బండి వంతెన నడిమి గీత మీదనే పోవాలి, అప్పుడు దూలాలన్నీ సమంగా మోస్తాయి. వేరే వాహనం ఒక్కటి కూడా వంతెన మీద ఉండరాదు. నడక వేగంతో, గంటకు 5 కిలోమీటర్లు మించకుండా పోవాలి, అప్పుడు అదురు ఉండదు. మధ్యలో బ్రేకు వేయరాదు, గేరు మార్చరాదు. లెక్కలో మామూలు వాహనాలకు మనం కలిపే అదురు భాగం, రెండు వరుసల వాహనాల భాగం, బ్రేకు భాగం ఇవన్నీ తీసివేస్తే వంతెనకు కొంత బలం మిగులుతుంది. ఆ మిగులులో నుండి దాటించడమే అనుమతి. ఈ ఊహనే తరువాత కోడ్‌లో చేర్చినారు. 2014 నుండి కొత్త వంతెనలకు 385 టన్నుల ప్రత్యేక వాహనం లెక్క కూడా చూడాలన్నారు. దానికీ షరతులు ఇవే: ఒంటరిగా, నడిమిన, మెల్లగా.

మిగులు కూడా చాలదని తేలితే రెండు దారులు. ఒకటి, కింద నుండి ఉక్కు దూలాలతోనో, స్లీపరు చెక్కల దొంతరలతోనో ఊతం ఇవ్వడం. రెండు, వంతెన ఎక్కకుండా పక్కన వాగులో దిగిపోవడం. మన వాగులు ఎనిమిది నెలలు ఎండి ఉంటాయి గనుక రెండవదే ఎక్కువ సులువు. హ్యూమ్ పైపులు పరచి, మొరం పోసి, రోలరు తిప్పి తాత్కాలిక దారి వేస్తారు. అది మే నెల చివరి వరకే. తొలకరికి వాగు వచ్చిందంటే పైపులు, మొరం, ఖర్చు అన్నీ గోదావరిలోకే. కాబట్టి మన ప్రాంతంలో భారీ సరుకు కాలం జనవరి నుండి మే వరకు. ఫ్యాక్టరీలో ఒక నెల ఆలస్యమైతే రోడ్డు మీద ఆరు నెలల ఆలస్యం కింద లెక్క.

గోదావరికి అట్లా పక్కదారి వేయడం సులువు కాదు. పడమట సోన్ దగ్గర ఒక వంతెన, రాయపట్నం దగ్గర వరదకు మునిగే తక్కువ ఎత్తు పాత వంతెన, తూర్పున గోదావరిఖని దగ్గర ఒకటి. రెండు జిల్లాల మధ్య బరువు సరుకుకు నాడు దారులు ఇంతే. వీటిలో దేనికి ఎంత సత్తువ ఉన్నదో తెలియకుండా ఏ ప్రాజెక్టు రిపోర్టూ పూర్తి కాదు. పడమటి దారిలో ఇంకొక చిక్కు. నిర్మల్ దాటగానే మహబూబ్ ఘాట్ల మలుపులు. బరువు మోయగల బండి కూడా పొడవు వలన అక్కడ తిరగలేదు. నాలుగు వరుసల రోడ్డు కొత్త దారిన పోయిన తరువాతనే పొడవు సరుకుకు ఆ బెడద తప్పింది.

ఇక కాగితాల సంగతి. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోనే బరువుకు హద్దులున్నవి. 1988 చట్టం 1989 జులై 1 నుండి అమలులోకి వచ్చింది. దాని 113వ సెక్షను బరువు హద్దులను గూర్చి, 115వ సెక్షను ఒక రోడ్డు మీదనో వంతెన మీదనో వాహనాలను ఆపే అధికారాన్ని గూర్చి చెబుతుంది. కేంద్ర నియమాలలో 93వది కొలతల నియమం. వెడల్పు 2.6 మీటర్లు, ఎత్తు మామూలు సరుకు బండికి 3.8 (2020 నుండి 4) మీటర్లు. ఇది దాటిన ప్రతి సరుకుకూ రవాణా శాఖ అనుమతి కావాలి. వంతెనలకు ఆ రోడ్డు ఎవరి చేతిలో ఉంటే వారి అనుమతి, అంటే జాతీయ రహదారి అయితే ఒకరు, రాష్ట్ర రహదారి అయితే మన శాఖ, ఊరి రోడ్డు అయితే పంచాయతీరాజ్. కరెంటు తీగలకు నాడు విద్యుత్ బోర్డు, 1999లో బోర్డు విడిపోయిన తరువాత ట్రాన్స్‌కో, పంపిణీ సంస్థలు. రైలు గేటుకు రైల్వే. టెలిఫోను తీగలకు టెలిఫోను వారు. బందోబస్తుకు పోలీసు. రోడ్డు పక్క చింతచెట్టు కొమ్మ కొట్టాలన్నా ఒక కాగితం కావాలి.

ఈ కాగితాలన్నీ వట్టి తతంగమని రవాణా కంట్రాక్టర్లు అంటారు. కొన్ని తతంగమే, కాదనను. కాని ప్రతి కాగితం వెనుక ఒక కొలత ఉన్నదని కూడా మరువరాదు. విద్యుత్ నియమాల ప్రకారం రోడ్డు దాటే హైటెన్షను తీగ నేలకు 6.1 మీటర్ల ఎత్తున, లోటెన్షను తీగ 5.8 మీటర్ల ఎత్తున ఉండాలి. ఎండాకాలం సాగి కిందికి దిగిన తీగలను చూసిన మనకు ఆ అంకె ఎంతవరకు నిజమో తెలుసు. కరెంటు రైలు గేటు దగ్గర ఎత్తు దూలం 4.67 మీటర్లే. దాని కింద నుండి పోలేని సరుకు కోసం రైళ్ళు ఆపి, పై తీగలో కరెంటు తీసి, అరగంటలో దాటించాలి. ఆ అరగంట కోసం వారం రోజులు ఎదురు చూసిన బండ్లు ఉన్నవి.

అన్నిటికంటె కష్టమైన కాగితం వంతెన కాగితమే. వంతెన మోస్తుందని వ్రాసేది చీఫ్ ఇంజనీరు ఆఫీసయినా, దానికి ఆధారం కింది ఇంజనీరు వెళ్ళి చూసి వ్రాసిన రిపోర్టు. బేరింగు తుప్పు పట్టిందా, దూలానికి బీటలున్నవా, పునాది దగ్గర ఇసుక కొట్టుకుపోయిందా అని వాగులో దిగి చూసేది అతను. పాత వంతెనకు డ్రాయింగు దొరకదు. లోపల ఉక్కు ఎంత ఉందో తెలియదు. ప్రాజెక్టువారు ఆఫీసులో కూర్చొని, యూనిట్ ఒక రోజు ఆలస్యమైతే దేశానికి ఎంత నష్టమో లెక్క చెబుతుంటారు. మోస్తుందని వ్రాస్తే, కూలిన రోజు అతని మెడకు. మోయదని వ్రాస్తే, అభివృద్ధికి అడ్డుపడ్డాడని ఆ రోజే మెడకు. మన సభ్యులలో కొందరు ఈ రెంటి మధ్య నలిగినవారే. ఒక సందర్భంలో ఒక రవాణా సంస్థ దరఖాస్తులో చూపిన బరువుకు, దారిలో ఉన్న బరువుకు పొంతన లేకపోతే, యాక్సిల్ వరుసలు లెక్కబెట్టి కనిపెట్టిన సెక్షను ఆఫీసరును నేనెరుగుదును. బండి పదకొండు రోజులు పక్కన నిలిచింది. అతనికి మెమో వచ్చింది, మెచ్చుకోలు రాలేదు.

బండి నిలిచిన చోట ఊరంతా జాతరే. చాయ హోటలువాడికి పండుగ, పిల్లలకు గిర్రలు లెక్కబెట్టడం ఆట. లైన్‌మన్ వెదురు కర్రతో తీగ ఎత్తి పట్టుకోగా, ఖలాసీలు నూనె సిలిండర్లు దించి సరుకును జానెడు కిందికి తెచ్చి, దాటిన తరువాత మళ్ళీ లేపేవారు. ఎగువ వచ్చిన చోట ముందు ఒక పుల్లరు లాగుతుండగా వెనుక ఇంకొకటి నెట్టేది. దిగువలో ఆ వెనుకదే పట్టుకొని ఆపేది. వంతెన మీదకు ఎక్కే ముందు డ్రైవర్లు కొబ్బరికాయ కొట్టడం ఎప్పుడూ చూసేదే. ఇంజనీర్లు కూడా దండం పెట్టకపోలేదు.

2013 జనవరిలో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ జాతీయ రహదారుల మీద ఇట్టి సరుకుకు ఒక విధానం ప్రకటించింది. బండితో కలిపి బరువు 169 టన్నులు మించితే మంత్రిత్వ శాఖ అనుమతి, అదీ కంప్యూటరు ద్వారానే. 2019 చట్ట సవరణతో అనుమతి లేని అధిక బరువుకు 20,000 రూపాయలు, పైన టన్నుకు 2,000 చొప్పున జరిమానా అయింది. నా దృష్టిలో ఇది మంచి మార్పే. దరఖాస్తు పట్టుకొని పది ఆఫీసులు తిరిగే బాధ తగ్గింది.

ఆ తరువాతి సంవత్సరాలలోనే మన రెండు జిల్లాలకు మునుపెన్నడూ రానంత సరుకు వచ్చింది. జైపూర్ దగ్గర సింగరేణి వారి 600 మెగావాట్ల యూనిట్లు రెండు 2016లో నడిచినవి. 1999లో మూతపడిన ఎరువుల ఫ్యాక్టరీ స్థానంలో డెన్మార్కు, ఇటలీ సాంకేతికతతో గ్యాసు ఆధారిత కర్మాగారం లేచి 2021 మార్చిలో ఉత్పత్తికి వచ్చింది. కాళేశ్వరం పథకంలో రామడుగు మండలం లక్ష్మీపూర్ భూగర్భ పంపుహౌసుకు 139 మెగావాట్ల మోటార్లు ఏడు వచ్చినవి. మొదటిది 2019 ఆగస్టులో నీరెత్తింది. అంత పెద్ద మోటారును నిండుగా తేలేరు గనుక ముక్కలుగా తెచ్చి లోపల కూర్చినారు. రామగుండంలో 800 మెగావాట్ల యూనిట్లు రెండు, 2023 అక్టోబరులో ఒకటి, 2024 మార్చిలో ఒకటి జాతికి అంకితమైనవి. వీటి బాయిలర్లు సూపర్ క్రిటికల్ రకం. వాటికి డ్రమ్మే ఉండదు. వెనుకటి రోజులలో మనకు నిద్ర లేకుండా చేసిన డ్రమ్ము ఈ విధంగా దానంతట అదే తప్పుకున్నది.

దీనితోపాటు ఒక ఇబ్బంది కూడా వచ్చింది. 2016లో కరీంనగర్ నుండి పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల, ఆదిలాబాద్ నుండి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాలు విడిపోయినవి. పరిపాలనకు అది సౌకర్యమే. కాని ఆఫీసులు చీలినప్పుడు బీరువాలు కూడా చీలుతాయి. ఏ వంతెనకు ఏ సంవత్సరం ఊతమిచ్చినారో, ఏ గాలాకు ఎంత వంపు కొలిచినారో వ్రాసిన పాత రిజిస్టర్లు ఏ జిల్లాకు చేరినవో వెతుక్కోవలసిన పరిస్థితి. కంప్యూటరులో వంతెన పేరు, పొడవు, గాలాల సంఖ్య ఉంటాయి. 1980లలో దాని మీద నుండి ఎంత బరువు, ఎట్లా దాటిందో ఉండదు. మన సభ్యులలో ఆ పనిలో ఉన్నవారు ఇంకా కొందరు ఉన్నారు. వారి డైరీలలో ఉన్నవి, తలలో ఉన్నవి ఒక కాగితం మీద పెట్టి సంఘం ఆఫీసుకు పంపితే, వాటిని వంతెనల వారీగా వ్రాసి సంబంధిత సర్కిల్ ఆఫీసులకు అందజేసే పని నేను చేయగలను. వంతెన పేరు, సుమారు సంవత్సరం, సరుకు ఏమిటి, ఊతం ఇచ్చినారా లేదా, దాటిన తరువాత బీటలు కనబడినవా, ఈ ఐదు సంగతులు చాలు.

చివరగా, చాలామంది అడిగే ఒక ప్రశ్న. అంత పెద్ద బండి తిరిగి ఎట్లా పోయిందని. సరుకు దింపిన తరువాత ఆ ట్రైలరును వరుసలు వరుసలుగా విప్పుతారు. విప్పిన ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి మామూలు లారీ ట్రైలర్ల మీద వేసుకొని పోతారు. వచ్చేటప్పుడు రెండు నెలలు పట్టిన దారిన, పోయేటప్పుడు మూడు రోజులలో, ఎవరూ చూడకుండానే వెళ్ళిపోతుంది.